మెలకువగా ఉండే ఊరు

సముద్రమనగానే మనకు ఇసుక తిన్నెలు, కెరటాలు, కనుచూపు మేర నీళ్లు గుర్తుకొస్తాయి. కాని నార్వే దేశపు పడమటి తీరాన సముద్రం కొండల నడుమకు దూరి, ఏటిపాయలాగా చాలా దూరం లోపలికి సాగిపోతుంది. పూర్వం మంచుగడ్డల ప్రవాహాలు కొండలను దొలిచి లోతైన లోయలు చేశాయి. మంచు కరిగిన తరువాత ఆ లోయల్లోకి ఉప్పునీరు వచ్చి చేరింది. అటువంటి పాయను ఫియోర్డ్ అంటారు. సుమారు 15 కిలోమీటర్ల పొడవున్న గైరాంగర్ ఫియోర్డ్ కొసన అదే పేరుగల చిన్న ఊరు ఉన్నది. వేసవిలో విహార ఓడలు అక్కడ ఒక్క పగలు ఆగి వెళ్తాయి. రండి, మనమూ ఆ ప్రయాణికులతో కలిసి ఆ ఊరు చూసి వద్దాం.

ఓడ మెల్లగా లోపలికి వెళ్తుంటే ఇరుప్రక్కల నిట్టనిలువు కొండలే. ఒకవైపు ‘ఏడుగురు అక్కచెల్లెళ్లు’ అనే జలపాతం పాయలు పాయలుగా దూకుతుంది. ఎదుటి ఒడ్డున ఉన్న జలపాతం, వారిని పెండ్లి అడగ వచ్చినవాడట!

తల పైకెత్తి చూస్తే, నీటికి సుమారు 250 మీటర్ల ఎత్తున, కొండ అంచు మీద కొన్ని చెక్క ఇళ్లు కనబడతాయి. అది స్కాగెఫ్లో అనే పాత రైతు కుటుంబాల నివాసం. కాస్తంత నేల, కాస్తంత గడ్డి, కొన్ని మేకలు. అదే వారి ఆస్తి. ఆడుకునే పసిబిడ్డలు క్రింద పడిపోకుండా తల్లులు వారికి తాడు కట్టి ఉంచేవారని ఆ ప్రాంతంవారు చెప్పుకుంటారు. 1916లో అక్కడి చివరివారు ఆ చోటు విడిచిపెట్టారు. 1993లో నార్వే రాజు హరాల్డ్, రాణి సోన్యా తమ వివాహ రజతోత్సవాన్ని ఆ పేదరైతుల ముంగిట్లోనే జరుపుకున్నారు. ఎదుటి కొండ మీది క్నివ్స్‌ఫ్లో కుటుంబాలైతే, పైనున్న బండ కూలుతుందేమోనని 19వ శతాబ్దం చివరలోనే ఇళ్లు ఖాళీచేశాయి. సొంత నేల విడవడం ఏ రైతుకైనా ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు గదా!

ఇక ఊరు చేరాం. ఏడాది పొడవునా ఉండేవారు సుమారు 250 మంది మాత్రమే. పెద్ద ఓడ వచ్చిందంటే వారికి ఎన్నో రెట్ల మంది వీధిలోకి దిగుతారు. ఊరి మధ్యనున్న జలపాతం ప్రక్కనే 327 మెట్ల దారి పైకి పోతుంది. కొండవాలు మీద 1842లో కట్టిన తెల్లని చెక్క ఆలయం ఉన్నది. దానికి ఎనిమిది ముఖాలు. అక్కడినుండి చూస్తే మనం వచ్చిన పెద్ద ఓడ చిన్న బొమ్మలాగా కనబడుతుంది.

ఇంత అందమైన చోట ఒక ఆపద పొంచియున్నది. 1934 ఏప్రిల్ 7వ తేదీ తెల్లవారుజామున దగ్గరలోని టాఫియోర్డ్‌లో కొండచరియ విరిగి నీటిలో పడింది. పెద్ద కెరటం లేచి 40 మంది ప్రాణాలు తీసింది. ఇప్పుడు గైరాంగర్‌కు ప్రక్కనున్న పాయలో ఓకర్నేసెట్ అనే కొండకు పెద్ద పగులు ఉన్నది. అది ఏటేటా కొన్ని సెంటీమీటర్లు వెడల్పవుతున్నది. ఆ భాగం ఒక్కసారిగా కూలితే సుమారు పది నిమిషాల్లో కెరటం గైరాంగర్‌ను తాకుతుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అందుకే కొండకు పరికరాలు అమర్చి రేయింబవళ్లు కనిపెడుతున్నారు. ముందుగా హెచ్చరించి జనాన్ని పైకి తరలించే ఏర్పాట్లున్నాయి.

వచ్చే ఓడలవల్ల ఊరికి జీవనోపాధి. కాని వాటి పొగ ఆ ఇరుకు లోయలోనే నిలిచిపోతుంది. 2005లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ నీటిలోకి పొగ విడిచే ఓడలు రాకూడదని ప్రభుత్వం నియమం చేసింది. అది చిన్న ఓడలకు 2026 నుండి, పెద్దవాటికి 2032 నుండి వర్తిస్తుంది.

సాయంకాలం ఓడ కూత వేస్తుంది. మనం ఫోటోలతో తిరిగి బయలుదేరుతాం. ఊరివారు దీపాలార్పి నిద్రకు సిద్ధపడతారు. భయంతో పారిపోలేదు, ఏమీ కాదులే అని అశ్రద్ధ చేయలేదు. నాడు బిడ్డకు తాడు కట్టిన తల్లికి, నేడు కొండను కనిపెట్టేవారికి ఉన్నది ఒకటే మెలకువ. మన చెరువు గట్టుకు, మన ఇంటి గోడకు పడిన చిన్న పగులును మనమెంత శ్రద్ధగా చూస్తున్నామో ఆలోచించుకుందాం.