విద్యాలయ జీర్ణోద్ధరణము

దేవాలయము జీర్ణమైనపుడు దానిని బాగుచేయు క్రమమును మన పెద్దలు ఏనాడో నిర్ణయించియున్నారు. మొదట బాలాలయమును కట్టి, స్వామిని అందు నెలకొలిపి, నిత్యపూజకు లోపము రానీయక, ఆ పిమ్మటనే గర్భాలయముపై చేయి వేయుదురు. పాత పాఠశాలను బాగుచేయుటకును ఈ మార్గమే శ్రేయస్కరమని మేము తలంచుచున్నాము.

మన మారిషస్ ద్వీపమున క్యూర్‌పీప్‌లోని రాయల్ కాలేజిని ఉదాహరణముగా గైకొందము. 1866-68 సంవత్సరములలో మలేరియా తీరప్రాంతములను పీడింపగా జనులనేకులు మెట్టకు తరలివచ్చిరి. ఆ పట్టణము పెరిగినది. నల్లరాతితో కట్టిన కాలేజి భవనము 1914లో ప్రారంభమైనది. మన దేశపు తొలి ప్రధానమంత్రి సర్ శివసాగర్ రామ్‌గులామ్ గారు ఆ కాలేజి విద్యార్థియే. శతాబ్దము దాటిన ఇట్టి ఆవరణమును ఒక్క ఏట బాగుచేయుట సాధ్యము కాదు. ధనము విడతలుగా వచ్చును. పిల్లల చదువు మాత్రము ఆగరాదు. కావున పనిని దశలుగా విభజింపక తప్పదు.

మొదటి దశ పరిశీలనము. ఎండలో కాదు, వాన కురియునపుడే భవనమును చూడవలెను. నీరు ఎచట దిగుచున్నది, ఏ దూలమునకు చెదపట్టినది, ఏ విద్యుత్తీగ పాతబడినది పటముపై గుర్తింపవలెను. పిదప ఆ లోపములను మూడు తెగలుగా ఏర్పరుపవలెను: నేడే ప్రమాదకరమైనవి, ఆలస్యమైన కొలది పెరుగునవి, కేవలము చూపునకు సంబంధించినవి.

పైకప్పు, నీటి కాలువలు, విద్యుత్తు, మరుగుదొడ్లు ముందు. ద్వారము, రంగులు చివర. ఇది చెప్పుట సులభము, ఆచరించుట కష్టము. రంగు వేసిన గోడ దాతలకు కనబడును; బాగుపడిన కాలువ ఎవరికిని కనబడదు. కాని కారు కప్పు క్రింద వేసిన రంగు ఒక్క వానకాలముకూడ నిలువదు.

రాతిగోడల విషయమున మరియొక జాగ్రత్త అవసరము. సున్నముతో కట్టిన పాతగోడ తన తేమను అతుకులగుండ వెలికి విడుచును. దానిపై గట్టి సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి, లోపలి పూతను, కొయ్యను చెఱచును. మన పూర్వులు అడుగిడిన ఆప్రవాసీ ఘాట్‌లో మునుపు వాడిన సిమెంటును తొలగించి, మరల సున్నముతోనే గోడలను బాగుచేసిరి. 2006లో ఆ స్థలము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

ఇక కాలనిర్ణయమే అన్నిటికంటె చిక్కైనది. బడి ఖాళీగానుండు దీర్ఘ సెలవులు తుపానుల ఋతువులో వచ్చును. వానలు తక్కువగానుండు అక్టోబరు పరీక్షల కాలము. సుత్తి చప్పుడు అప్పుడు తగదు. 1960 జనవరిలో అలిక్స్, ఫిబ్రవరిలో కెరోల్ తుపానులు చేసిన నాశనమును పెద్దలు మరువలేదు. విప్పిన కప్పుతో ఆ ఋతువును ఎదుర్కొనుట ఎంత సాహసమో వేరుగ చెప్పనేల? కావున కప్పును భాగములుగా విభజించి, శీతకాలమున ఒక్కొక్క భాగమునే విప్పి, దానిని పూర్తిగా మూసిన తరువాతనే రెండవదానిని తాకవలెను. దీర్ఘ సెలవులను లోపలి పనులకు వినియోగింపవచ్చును. కప్పు విప్పిన గదుల పిల్లలకు తాత్కాలిక తరగతులను ముందే సిద్ధపరచవలెను. అవియే వారి బాలాలయము.

ప్రతి దశయు తనంతట తాను సంపూర్ణము కావలెననుట మా ముఖ్యాభిప్రాయము. ధనము చాలక రేపు పని ఆగినను, నేటివరకు చేసినది వానకు తడియక, పిల్లలకు అపాయము కలిగింపక నిలువవలెను. మన బిడ్డలు చదువు ఏ బడియందైనను ఇట్టి కార్యము తలపెట్టినపుడు, తల్లిదండ్రులు సభకు పోయి, క్రొత్త భవనపు చిత్రమును చూచి ఆనందించుటతో తృప్తిపడరాదు. “ఈ దశతో పని నిలిచిపోయిన బడి ఏ స్థితిలోనుండును?” అని అడుగవలెను. దానికి స్పష్టమైన సమాధానము లభించిన పిమ్మటనే మొదటి పెంకును కదలింపవలెను.