పాత సైకిలుకు తగిన టైరు

కొండదారులకై రూపొందిన పాత మౌంటెన్ సైకిలు కొవ్వూరు వంటి పట్టణంలో నిత్యప్రయాణానికి చక్కగా ఉపకరిస్తుంది. అయితే దానికి తగిన టైరును ఎంచుకోవాలి. ఎత్తైన గుబ్బల టైరు మట్టిలో పట్టునిస్తుంది. తారురోడ్డుపై మాత్రం ఆ గుబ్బలు వంగుతూ తొక్కేవారి శ్రమను వృథా చేస్తాయి. కనుక రోడ్డుకు నునుపైన టైరు మేలు.

కొలతలో పొరపాటు ప్రమాదకరం. 26×1.75, 26×1⅜ టైర్లు పేరుకు ఒకే అంగుళాలవిగా తోచినా, మొదటిది 559 మిల్లీమీటర్ల రిమ్ముకు, రెండవది సాధారణంగా 590 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోతుంది. మౌంటెన్ సైకిలు రిమ్ముకు రెండవదానిని తొడిగితే వదులై జారిపోతుంది. అందుచేత టైరు పక్కభాగాన ముద్రించిన మూడంకెల సంఖ్యను చూడాలి.

గుబ్బలు అరగకున్నా, పక్కలు బీటలువారిన టైరు పనికిరాదు. 1974లో ప్రారంభమైన గోదావరి రోడ్డు-రైలు వంతెన వంటి చోట, వాహనాల నడుమ టైరు పగిలితే ప్రాణానికే ముప్పు.