మీకు తెలుసా? ముందు బండికి మూడు సెకన్ల దూరం

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటేస్తుంది. ముందున్న లారీ బ్రేకు లైట్లు వెలగడం చూసి, కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి వచ్చేసరికే ఇంచుమించు ఆ సెకను కాస్తా అయిపోతుంది. అప్పటికింకా బ్రేకు పడనే లేదు! అందుకే ముందు బండికీ మీకూ మధ్య దూరాన్ని సెకన్లలో కొలుచుకోవడం మేలు. ముందు బండి ఏ కిలోమీటరు రాయినో దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు’ అని మూడు సెకన్లు లెక్కపెట్టండి. అది పూర్తికాకముందే మీరూ ఆ రాయి దగ్గరికి చేరారంటే మరీ అంటుకుని వెళ్తున్నట్టే. వానలో ఆ లెక్క రెట్టింపు చేసుకోండి. సంక్రాంతి రోజుల్లో విజయవాడ హైవే మీద పొగమంచు కమ్మితే ఇంకా పెంచాలి. మధ్యలోని ఖాళీలోకి ఎవరో దూరతారు, నిజమే. దూరనివ్వండి, వేగం కాస్త తగ్గించి మళ్లీ మూడు సెకన్లు వెనకబడండి.