మికో ఇమ్రె

హంగేరీ ప్రజలు కూడా మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పి, పెట్టిన పేరును తరువాత చెబుతారు. మికో ఇమ్రె అనే పేరులో మికో ఇంటిపేరు. ఈయన 1805వ సంవత్సరంలో ట్రాన్సిల్వేనియాలో, 'కౌంట్' అనే బిరుదు వంశపారంపర్యంగా గల ప్రభు కుటుంబంలో జన్మించాడు.

కొండలు, అడవులు గల ట్రాన్సిల్వేనియా ఆనాడు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. రుమేనియన్లు, హంగేరియన్లు, జర్మన్లు అక్కడ నివసించేవారు. రుమేనియన్ల సంఖ్య ఎక్కువ. అధికారం మాత్రం చాలావరకు హంగేరియన్ ప్రభువులదే. మికో ఆ ప్రాంతీయ ప్రభుత్వంలో చేరి అంచెలంచెలుగా ఉన్నత పదవులకు ఎదిగాడు.

1848లో హంగేరీలో స్వాతంత్ర్యం కోసం విప్లవం చెలరేగింది. మరుసటి ఏడు రష్యా సేనల సాయంతో చక్రవర్తి దానిని అణచివేశాడు. ఆ తరువాత వియన్నా నగరం నుంచే పాలన సాగింది. ప్రభుత్వ కార్యాలయాలలో జర్మన్ భాష ప్రవేశించింది. రాజకీయాలకు తావులేని ఆ రోజులలో మికో విద్యా సంస్కృతుల వైపు దృష్టి మరల్చాడు. చారిత్రక పత్రాలను సేకరించి అచ్చువేయించాడు. మ్యూజియం ఏర్పాటుకై కొలొజ్వార్ నగరంలోని తన భవనాన్ని, తోటను దానమిచ్చాడు. 1859లో ట్రాన్సిల్వేనియా మ్యూజియం సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు మికోయే. పుస్తకాలు, వ్రాతప్రతులు, నాణేలు, మొక్కలు, ఖనిజాలు అక్కడికి చేరాయి.

1860లో చక్రవర్తి ప్రాంతీయ ప్రభుత్వాన్ని పునరుద్ధరించి మికోను దానికి అధిపతిగా నియమించాడు. కాని 1848 నాటి హంగేరీ చట్టాలను పాటించాలని మికో పక్షం కోరగా, వియన్నా అంగీకరించలేదు. రుమేనియన్లు శాసనసభలో తమకు తగిన స్థానం కావాలన్నారు. ఈ చిక్కులు తీరలేదు. 1861లో మికో పదవిని వదులుకొన్నాడు. చక్రవర్తికీ హంగేరీకీ ఒప్పందం కుదిరిన 1867 నుంచి 1870 వరకు హంగేరీ ప్రజాపనులు, రవాణా శాఖల మంత్రిగా పనిచేశాడు. 1876లో మరణించాడు.

1872లో కొలొజ్వార్‌లో విశ్వవిద్యాలయం వెలసినప్పుడు ఈ మ్యూజియం సేకరణలు దానికి ఎంతో ఉపకరించాయి. 1920 నాటి సంధితో ఆ ప్రాంతం రుమేనియాకు చెందింది. నగరం నేటి పేరు క్లుజ్-నపోకా. హంగేరియన్ ఇప్పుడు అక్కడ అల్పసంఖ్యాకుల భాష. 1950లో మూతపడిన మ్యూజియం సంఘాన్ని 1990లో తిరిగి నెలకొల్పారు.

మికో ప్రాంతీయ ప్రభుత్వానికి అధిపతిగా ఉన్నది సుమారు ఒక ఏడాది మాత్రమే. ఆయన నెలకొల్పిన సంఘం మాత్రం నేటికీ హంగేరియన్ భాషలో పుస్తకాలు ప్రచురిస్తున్నది.