వాదీ రమ్: ఎడారి నేర్పే నీటి పాఠం

జోర్డాన్ దక్షిణాన, అఖబా రేవు పట్టణానికి తూర్పుగా గంట ప్రయాణ దూరంలో వాదీ రమ్ ఉంది. సుమారు 740 చదరపు కిలోమీటర్ల మేర ఎర్రని ఇసుక, నిటారైన కొండలు, వాటి నడుమ ఇరుకైన లోయలు. యునెస్కో 2011లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇక్కడ గుడారంలో ఒక రాత్రి గడపాలనుకున్నప్పుడు మనకు మొదట ఎండ గురించి దిగులు కలుగుతుంది. కాని మనం ముందుగా తెలుసుకోవలసినది నీటి సంగతి.

ఈ ఎడారి నేల మీద ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. పడిన కొద్దిపాటి నీరు ఇసుకరాతి కొండల్లోకి ఇంకి, అడుగున ఉన్న గ్రానైట్‌ను దాటలేక, ఆ రెండు రాళ్లు కలిసే చోట ఊటగా వెలువడుతుంది. తరతరాలుగా బద్దూ కుటుంబాలను, వారి ఒంటెలను పోషించినవి ఆ ఊటలే. ఖజలీ లోయ గోడలపై ప్రాచీన బాటసారులు చెక్కిన రాతలు, బొమ్మలు నేటికీ చూడవచ్చు.

అయితే ప్రాణం నిలిపే ఆ నీరే ప్రాణం తీయనూగలదు. దూరపు కొండలపై వాన కురిస్తే, మన తలపై ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎండిన వాగులోకి ఒక్కసారిగా వరద రావచ్చు. 2018 అక్టోబరులో మృత సముద్రం సమీపాన వచ్చిన ఆకస్మిక వరదకు, విహారయాత్రకు వెళ్లిన బడిపిల్లలతో సహా 20 మందికి పైగా బలయ్యారు.

గల్ఫ్ దేశాలలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు కూడా సెలవుల్లో పిల్లలతో ఎడారికి వెళ్తుంటాయి. కనుక ఈ జాగ్రత్తలు మనవి కూడా. వాగు గర్భంలో గుడారం వేయరాదు. ఎత్తైన నేలను ఎంచుకోవాలి. మబ్బు పట్టిన రోజున ఇరుకు లోయల్లో అడుగు పెట్టరాదు. స్థానికుడు వద్దన్నాక ముందుకు సాగరాదు. శీతకాలపు రాత్రులు గడ్డకట్టేంత చలిగా ఉంటాయి గనుక పిల్లలకు ఉన్ని దుస్తులు తప్పనిసరి.

తాగునీటిని అవసరానికి మించి వెంట ఉంచుకోవాలి. వుజూకు నీరు లభించనప్పుడు పరిశుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకునే సౌలభ్యాన్ని మన ధర్మం ప్రసాదించింది. ఇంట్లో కుళాయి కింద వుజూ చేసే పిల్లలకు ఆ సౌలభ్యం విలువ ఎడారిలోనే బాగా బోధపడుతుంది. తిరిగి వచ్చాక వారు కుళాయిని కాస్త తక్కువగా తిప్పినా, ఆ ప్రయాణం సార్థకమైనట్లే.