ఇల్లు లారీ మీద వస్తుంది, నేల రాదు

158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు దాటి ప్రయాణించే పాఠకులు ఒక వింత దృశ్యాన్ని గమనించే ఉంటారు. తలుపులు, కిటికీలు బిగించిన ఉక్కు గది ఒకటి లారీపై తరలిపోతూ ఉంటుంది. సాయంత్రానికి క్రేను దానిని ఏ మామిడితోటలోనో దించుతుంది. నగరం పల్లెల మీదుగా విస్తరిస్తున్నకొద్దీ ఇటువంటి ఫ్యాక్టరీ ఇండ్లను గురించి విచారించేవారూ వస్తున్నారు.

ఇటీవల ఒక రైతు మా శాఖకు వచ్చి అటువంటి ఇంటికే ఋణం అడిగారు. “నాలుగో అంతస్తుల ఉంటే బర్రెను యాడ కట్టేయాలె సారూ? నా వాకిలి నాకుండాలె” అన్నది ఆయన వాదన. డీలరుకు బయానా కూడా ఇచ్చేశారు. ఆయన కోరికలో తప్పేమీ లేదు. కానీ నేనడిగిన మొదటి ప్రశ్న ఇంటిని గురించి కాదు, నేలను గురించి.

ఎందుకో తెలియాలంటే అమెరికా అనుభవం చూడవలసి ఉంటుంది. అక్కడ ఇటువంటి ఇండ్లకు 1974లో చట్టం వచ్చింది. 1976 జూన్ 15 నుండి దేశమంతటికీ ఒకే నిర్మాణ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఉక్కు చట్రంపై ఇల్లంతా ఫ్యాక్టరీలోనే పూర్తిచేసి, ఒకే ముక్కగానో రెండు సగాలుగానో స్థలానికి లాగుకొని వెళతారు. వానకు పని ఆగదు, సామగ్రి వృథా తగ్గుతుంది, ఖర్చు కలిసివస్తుంది. అపార్టుమెంటులో అద్దెకుండే కుటుంబానికి ఇంకేమి కావాలి? నెత్తిమీద ఇతరుల అడుగుల చప్పుడుండదు, పిల్లలకు పెరడు ఉంటుంది.

అయితే అక్కడ అనేకులు ఇల్లు కొని, అది నిలిపే స్థలాన్ని మాత్రం అద్దెకు తీసుకుంటారు. అటువంటప్పుడు దానిపై ఇచ్చేది తరచుగా వాహన ఋణం వంటి చరాస్తి ఋణమే: గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ. స్థలం యజమాని అద్దె పెంచితే ఇంటిని మరొకచోటికి కదల్చడానికి వేల డాలర్లు కావాలి. చక్రాలపై వచ్చిన ఇల్లు పేరుకే కదిలేది.

మన బ్యాంకులలోనూ గృహఋణానికి ప్రధానమైన హామీ స్థలం దస్తావేజులే. నేలపై ఊరకే నిలిపిన క్యాబిన్‌ను ఇల్లుగా అంగీకరించడం కష్టం. పునాదికి బిగించి, ప్లానుకు ఆమోదం పొంది, హక్కు పత్రాలు చూపగలిగితే సంగతి వేరు. పొలంలో నివాసానికి ఏ అనుమతులు అవసరమో బయానాకు ముందే విచారించండి.

డీలరు మిత్రులకు ఒక మనవి. కొటేషనులో రేకు మందం, వేడిని ఆపే పొర, పునాది, రవాణా, క్రేను ఖర్చులను విడివిడిగా వ్రాయండి. మే నెల ఎండకు ఉక్కు గది ఎలా కాగుతుందో కొనేవారికి చెప్పకపోవడం న్యాయం కాదు.

అపార్టుమెంటును నేను నిందించడం లేదు. ఫ్యాక్టరీ పద్ధతికీ దానికీ వైరమూ లేదు. లైట్ హౌస్ ప్రాజెక్టు కింద చెన్నైలో 2022లో పూర్తయిన 1,152 ఇండ్లను ముందుగా పోతపోసిన కాంక్రీటు భాగాలతోనే అంతస్తులుగా కట్టారు.

ఇక ఆ రైతు విషయం. స్థలం ఇంకా చనిపోయిన తండ్రిగారి పేరనే ఉంది; వాటాదారులు ముగ్గురు అన్నదమ్ములు. పంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించి రమ్మన్నాను. గది డీలరు యార్డులోనే ఉంది. బయానా తిరిగి ఇవ్వనంటున్నాడట.