మృదంగపు ఎడమ ముఖము

సంగీత సభకు పోయినవారిలో పెక్కుమంది గాయకుని మొగమునే చూతురు. కొందరు ఫిడేలు కమానును చూతురు. మృదంగము వంక చూచువారైనను కుడిచేతి వ్రేళ్ల చురుకుదనమునకు ముచ్చటపడుదురు గాని, ఎడమచేయి యేమి చేయుచున్నదో కనిపెట్టువారు అరుదు. ఆ యెడమచేతి క్రిందనున్న ముఖమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే యీ వ్యాసము. దానిని విద్వాంసులు తొప్పి యందురు. పాటకు అడుగున నిలిచి దానిని మోయునట్టి బరువైన మంద్రనాదము ఇచ్చటినుండియే పుట్టును. పాశ్చాత్యుల వాద్యబృందములలో బేసు అను వాద్యము చేయు పనిని మన కచేరిలో ఈ జానెడు చర్మము చేయుచున్నది.

ఈ విద్యకు మన ప్రాంతము క్రొత్తది కాదు. 1950వ సంవత్సరమున ఏలూరున జన్మించిన నిడుమోలు సుమతిగారు మొదట తండ్రియగు రాఘవయ్యగారివద్దను, పిమ్మట దండమూడి రామమోహనరావుగారివద్దను మృదంగము నభ్యసించి, దేశమంతట పేరుగాంచి, 2021లో పద్మశ్రీ పురస్కారము నందిరి. ఆడుపిల్లలకు మృదంగమేల యని యడుగు తలిదండ్రులు ఇంకను కొంద రున్నారు. వారికి ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు.

రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నదని మన పెద్దలు సామెత చెప్పుదురు. రోటికి ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులను! కాని ఆ రెండువైపులును ఒక్క తీరువి కావు. మృదంగము కట్టెకు పనసకొయ్య శ్రేష్ఠము. దానిని తొలిచి గుల్లచేసి, కుడిప్రక్క చిన్న ముఖమును, ఎడమప్రక్క కొంచెము పెద్ద ముఖమును అమర్చి, తోలువార్లతో రెంటిని బిగింతురు. కుడి ముఖము నడుమ నల్లని గుండ్రని పూత యుండును. ఉడికిన అన్నమును ఇనుము, మాంగనీసు గల నల్లరాతిపొడితో నూరి, పొరమీద పొరగా రాచి, ఆరబెట్టి ఆ పూత వేయుదురు. దానిని కరణి యందురు. అది స్థిరముగా నుండును. ఎడమ ముఖమునకు అట్టి స్థిరమైన పూత లేదు. కచేరికి ముందు పూసి కచేరి ముగిసిన పిదప తీసివేయునట్టి తాత్కాలికపు పూతయే దానికి గతి.

ఈ పూతల ప్రయోజన మేమి? ఊరక బిగించిన చర్మమును కొట్టినచో ధ్వని వచ్చును గాని స్వరము రాదు. దాని కంపనములు ఒకదానితో నొకటి పొత్తు లేక చెల్లాచెదరుగా నుండును. నడుమ బరువు నుంచినయెడల ఆ కంపనములు క్రమపడి, తీగనుండి వెలువడు స్వరమువలె ఒక వరుసకు వచ్చును. ఈ సంగతిని లోకమునకు శాస్త్రరీత్యా నిరూపించినవారు సర్ సి. వి. రామనుగారు. 1920లో శివకాళికుమారుగారితో కలిసి ఆంగ్లేయుల నేచరు పత్రికలో దీనిని ప్రకటించి, 1934లో మరల విపులముగా వ్రాసిరి. చర్మముపై సన్నని ఇసుక చల్లి, వాయించినప్పుడు ఆ యిసుక యేయే గీతలుగా నిలుచునో చూచి, అయిదు అనుస్వరములు వరుసగా పలుకుచున్నవని చూపిరి. ఆ మహాశయుడు విశాఖపట్టణమున సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదునొకండేండ్లకే మెట్రిక్యులేషను గట్టెక్కెననుట మన విద్యార్థులు గుర్తుంచుకొనదగిన ముచ్చట.

ఇక తొప్పికి పూయు పదార్థ మేమో తెలిసినచో మీకు నవ్వు వచ్చును. అది మన వంటయింట ఉప్మాకు వాడు బొంబాయిరవ్వయే. దానిని నీటితో మెత్తగా పిసికి ముద్దచేసి, చర్మము నడుమ తడి యద్ది, పూరీయంత గుండ్రముగా అంటింతురు. నడుమ దళముగాను అంచుల పలుచగాను ఉండవలెను. ముద్ద హెచ్చినకొలది శ్రుతి దిగును. మితిమీరినచో నాదము మూగవోవును. తక్కువైనచో శ్రుతి పైకెక్కి డబ్బా మ్రోత వచ్చును. కుడి ముఖము గాయకుని షడ్జమున పలుకగా, ఎడమది సామాన్యముగా దానికి క్రింది స్థాయి షడ్జమున పలుకవలెను. మూడు నాలుగు కీర్తనలు ముగియునప్పటికి దీపముల వేడికిని గాలికిని రవ్వ ఆరిపోయి శ్రుతి కదలును. అందుచేతనే మార్దంగికుని ప్రక్కన చిన్న గిన్నెలో నీరుండును. ఆ నీరు త్రాగుటకని కొందరు పిల్లలు తలచుచుందురు.

ఈ రవ్వ కొలతకు త్రాసు లేదు. ఇందు ఋతువు గూడ ఒక చేయి వేయును. మన అత్తిలి చుట్టును కాలువలు, వరిచేలు. వానకాలమున గాలిలోని తేమను పీల్చి చర్మము సడలును. వేసవిలో బిగిసిపోవును. డప్పు వాయించువారు వరిగడ్డి మంటకు చూపి చర్మమును బిగించుకొందురు. మృదంగమునకు ఆ ఉపాయము పనికిరాదు. దాని కుడి ముఖపు అంచును కొయ్యముక్క ఆనించి రాతితో మెల్లగా కొట్టి సరిచేయవలెను. పైనుండి కొట్టిన శ్రుతి హెచ్చును, క్రిందినుండి కొట్టిన తగ్గును. ఈ సవరణకు పావుగంట పట్టినను సభవారు విసుగుకొనరాదు.

పరికరము సిద్ధమైన పిదప చేతి సంగతి. మొదటి పాఠమున త, ధి, తొం, నం అను నాలుగు సొల్లులు చెప్పుదురు. వీనిలో త యను దెబ్బకు ఎడమ అరచేయి చర్మమును మూసిపెట్టును. తొం అను దెబ్బకు దానిని తెరచి పలికించును. పిల్లలు చేయు పొరపాటంతయు ఈ తొం వద్దనే. బలముగా బాదినచో గంభీరముగా పలుకునని తలచి వారు చేతిని అక్కడనే యుంచివేయుదురు. అప్పుడు ధ్వని పుట్టకముందే చచ్చును. కాలిన పెనమునకు వ్రేలు తగిలినవాడు ఎంత వేగముగా చేయి తీసికొనునో అంత వేగముగా తీయవలెను. అప్పుడు నాదము తానే నిలుచును. ఇదియు గాక, మణికట్టుతో చర్మమును నొక్కి జరుపుచు ఆ నాదమును క్రిందనుండి పైకి ఒక మూలుగువలె లేపుట గలదు. దానిని గుముకి యందురు. పళని సుబ్రహ్మణ్య పిళ్ళెగారు (1908–1962) ఇందు సాటిలేనివారని ప్రసిద్ధి. వారు ఎడమచేతివాటమువారు. మృదంగమును త్రిప్పి పెట్టుకొని తొప్పిని కుడిచేత వాయించెడివారు. లోపమని ఇతరులు తలచినదే వారి పద్ధతి యయ్యెను.

చేయి కుదిరినంతమాత్రమున వాద్యకుడు కాడు. ఎప్పుడు వాయింపరాదో తెలియవలెను. గాయకుడు మంద్రస్థాయికి దిగినప్పుడు తొప్పి గట్టిగా మ్రోగినచో రెండు బరువులు ఒకచోటనే పడి రెండును అణగిపోవును. అట్టి సమయమున ఎడమచేయి ఊరకుండుటే వాయించుట. పాటకుని సాహిత్యము తెలియనివానికి ఇది సాధ్యము కాదు. పాల్ఘాట్ మణి అయ్యరుగారి (1912–1981) గొప్పతన మిదియే. కీర్తనను గాయకునితోపాటు తామును పాడుచున్నట్లు వాయించిరని విన్నవారందరు చెప్పుదురు. వారికి మైకు గిట్టదు. మైకు తొప్పినాదమును పెంచునే గాని దాని రుచిని మోయలేదనియు, వాద్యకుడు తన చేతిని గాక యంత్రమును నమ్ముకొనుననియు నా యభిప్రాయము గూడ. షష్ఠి తీర్థము దినములలో మన వీధులలోని మైకుల హోరు వినినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. అయ్యరుగారు మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాలలో కొంతకాలము పిల్లలకు మృదంగము నేర్పిరి. అంతటివాడు బడిపిల్లల తొం దిద్దుచు కూర్చుండెననుట ఉపాధ్యాయులమగు మాకు ఊరట.

దేశము వేరైనను ఈ అడుగుశ్రుతి వాద్యకుల తీరు ఒకటిగానే యుండుట వింత. అమెరికాలోని డెట్రాయిట్ నగరమున మోటౌన్ అను గ్రామఫోను సంస్థలో జేమ్స్ జేమర్సన్ (1936–1983) అను నీగ్రోజాతి వాద్యకుడు బేసు గిటారు వాయించెడివాడు. తీగలు తెగిననే తప్ప మార్చెడివాడు కాడట. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కటే వాడెడివాడు. నేటి యువకులు వేలకు వేలు పోసి కొను సరంజామాతో రాని నాదము ఆ ఒక్క వ్రేలిలో పలికెను. ఆయన వాయింపు లోకమంతట మ్రోగినను, 1971వరకు ఆ సంస్థ పళ్లెరములమీద ఆయన పేరు అచ్చుపడలేదు.

పేరు అచ్చుపడనివారు మన మృదంగమునకును ఉన్నారు. తొప్పి వెలుపలి వలయమునకు గేదెతోలు, లోపల మేకతోలు, కుడి ముఖమునకు ఆవుతోలు వాడుదురు. వీనిని ఏరి, శుభ్రపరచి, ఆరబెట్టి, కోసి, మూత వేయువాడు లేనిదే రవ్వయు లేదు, గుముకియు లేదు. టి. ఎం. కృష్ణగారు 2020లో ప్రకటించిన సెబాస్టియన్ అండ్ సన్స్ అను ఆంగ్లగ్రంథము వీరి చరిత్రయే. తంజావూరి సెబాస్టియన్ వంశమువారును, మణి అయ్యరుగారి మృదంగములను ఏండ్లతరబడి సిద్ధపరచిన పర్లాందును, మరి పెక్కురును అస్పృశ్యులనబడిన కులములనుండి వచ్చిన క్రైస్తవులు. విద్వాంసుడు ఈ శ్రుతి చాలదు, ఈ నాదము ఇంకను తేలికపడవలెను అని నోటితో చెప్పిన మాటను చర్మములో తెచ్చి చూపినవారు వీరు. అది కూలిపని యని తలచుట అజ్ఞానము. తోలు ముట్టినవానిని వాకిట నిలిపి, ఆ తోలు పలికిన నాదమును మాత్రము గర్భాలయము ముంగిటికి ఆహ్వానించిన సంఘము మనది. కచేరి కరపత్రములలో గాయకుని పేరు, ఫిడేలు పేరు, మృదంగము పేరు, దీపములు సమకూర్చినవారి పేరు గూడ చూచితిని. మూత వేసినవాని పేరు నేనింతవరకు చూడలేదు.

ఇటీవల తోలువార్లకు బదులు ఇనుపమరలు బిగించిన మృదంగములును, పనసకొయ్యకు బదులు ఫైబరుతో చేసినవియు వచ్చినవి. రవ్వకు మారుగా రబ్బరువంటి ముద్దను అంటించి విడుచువారును కలరు. ప్రయాణములకు, నేర్చుకొను పిల్లలకు ఇవి అనుకూలమే. మరల వలన శ్రుతి సవరణ సులువగుననుట నిజము. కాని రబ్బరు ముద్ద ఒక్క తీరుననే పలుకును. రవ్వనైతే ఆనాటి గాలికి, ఆనాటి గాయకునికి తగినట్లు దిద్దుకొనవచ్చును. అందుచేత నేర్చినవారికి రవ్వయే మేలని నా తలంపు.

మృదంగము కొనదలచిన తలిదండ్రులకు ఒక మాట. తగ్గు శ్రుతికి సుమారు 24 అంగుళముల కట్టెయు, హెచ్చు శ్రుతికి 22 అంగుళములదియు వాడుక. అంగడిలో అందరు కుడి ముఖమునే తట్టిచూతురు. మీరు రవ్వ పెట్టించి ఎడమ ముఖమున ఒక్క తొం వేయించి, ఆ నాదము ఎంతసేపు నిలుచునో వినుడు. ఇంటికి తెచ్చిన పిదప గోడ తేమ తగులకుండ గుడ్డసంచిలో నుంచుడు. సాధన ముగియగనే రవ్వను పూర్తిగా గీకి, పొడిగుడ్డతో తుడువుడు. రాత్రి అట్లే విడిచినచో తెల్లవారునప్పటికి రవ్వ రాయివలె గట్టిపడియుండును. చీమలు, ఎలుకలు గూడ దానికొరకు వచ్చును. ఎలుక కొరికిన మూతకు అతుకు లేదు. మరల మూత వేయించుటే శరణ్యము.